బావగారు చేసిన విమానం

1976 జూలై, ఆదివారం రాత్రి
గవర్నర్‌పేట

ఈ రోజు బావగారి మీద కసి తీర్చుకున్నాను. వేసవంతా ఉక్కలో చెమటోడ్చి, రెజిన్ అనే చిక్కటి జిగురు ద్రవాన్ని అచ్చుల్లో పోసి, రెండంతస్తుల రెక్కలుండే పాతకాలం విమానం బొమ్మ చేశాను. పైరెక్క వంకరపోతే మళ్లీ పోశాను. నేను మంగళగిరి వెళ్లిన రోజు ఆయన దాన్ని పట్టుకుపోయి, తనే చేశానని చెప్పి వాళ్ల ఆఫీసరుగారికి ఇచ్చేశాడు. ప్రమోషన్ కోసం.

ఆ ఆఫీసరుగారికి ఇప్పుడు దాన్ని ఎలా చేస్తారో చూడాలనిపించిందట. బావగారు ఆయన్నీ అక్కనీ వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. "సామానంతా ఇక్కడే ఉంచానండీ" అని ఆయనతో అంటూ, నా చెవిలో "నువ్వు కలుపుతూ ఉండవోయ్, నేను మాట్లాడతాను" అన్నాడు.

"మీ పనితనం ముందు నేనెంతండీ బావగారూ! మీరే కలపండి" అన్నాను, అందరికీ వినబడేలా.

రెజిన్ గట్టిపడే మందు చుక్కల్లో వెయ్యాలి. ఆయన సీసా వంచేశాడు. చూస్తూ ఊరుకున్నాను. డబ్బా సలసలా కాగి పొగలు కక్కింది. రెజిన్ అందులోనే రాయిలా బిగుసుకుపోయింది.

"ఆ విమానం చేసింది మీరేనా?" అన్నారు ఆఫీసరుగారు. బావగారు గబగబా చెప్పులేసుకున్నాడు.

ఎంత హాయిగా ఉందో! కానీ ఆ కోపం అక్క మీద చూపిస్తాడేమోనని వెంటనే భయం వేసింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర "తప్పు చేశానా అక్కా?" అని మెల్లగా అడిగాను.

అక్క నవ్వలేదు. "ఇంకా ముందే చెయ్యాల్సిందిరా" అంది.

అంటే, ఆయన అక్కని ఏం చేశాడు? పొద్దున్నే వెళ్లి అడగాలి. విన్నాక నా కసి ఇంతటితో ఆగుతుందో లేదో...