కిటికీ దగ్గర బల్ల

అక్కకు,

తమ్ముడు నమస్కారాలతో రాసేది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం, ఓపిక ఉన్నంత మేరకు. అక్కడ నువ్వూ, నీ వార్డులో పేషెంట్లూ కుదురుగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇవాళ ఆదివారం. రెండు రోజుల్లో జవాబు రాసేవాణ్ణి ఈసారి ఇంత ఆలస్యం ఎందుకు చేశానో కాస్త ఆగి చెప్తాను. ముందు నువ్వడిగినవి.

నీ మరదలి మోకాలు కొంచెం నయం. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదంది. "అయితే ఎక్కుతూనే ఉండు" అన్నాను. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నీ మేనకోడలు ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. సాయంత్రం వచ్చి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడుతోంది. చూస్తే జాలేస్తుంది, అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టూ ఉంటుంది.

నా కళ్లు పరీక్ష చేయించుకున్నాను. అద్దాలు మార్చక్కర్లేదట. "కళ్లు బాగానే ఉన్నాయి, మీరే అలిసిపోయారు" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క ముక్కకు గంటసేపు కూర్చోబెట్టాడు.

కాగితం మీద ఆ గుండ్రటి మరకేంట్రా అని ప్రతిసారీ అడుగుతున్నావు. టీ అని రాశాను. టీ కాదక్కా, బీరు.

కంగారు పడకు. వారానికి ఒక్కసారి, శనివారం సాయంత్రం, ఒక్క గ్లాసు. మా ప్రెస్సు వెనక వీధిలో ఒకాయన బీరు తనే కాచి అమ్ముతాడు. అంతకుముందు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. అందరూ నురగ మాస్టారు అంటారు. దుకాణం వెనక గదిలో మూడు పెద్ద స్టీలు డ్రమ్ములు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ బస్తాలు, గోడకు ఒక నల్లబల్ల. ఆ వారం ఏ బీరు తయారైందో, ఎంత చేదో, దాని మీద లెక్కలాగే రాసి కింద గీత గీస్తాడు. నాకు నల్లదే ఇష్టం. బార్లీ మాడేదాకా వేయించి చేస్తాడు. మొదటి గుక్కకి మొహం ముడుచుకుంటుంది. రెండో గుక్కకి భుజాలు దిగుతాయి. వారమంతా అవి పైకే ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది.

ఆయన దుకాణంలో ఒక పద్ధతుంది. కిటికీ దగ్గర బల్ల ఒకటే. అది పుస్తకం తెచ్చుకున్నవాళ్లకే. మిగతావాళ్లు ఎంత గోల చేసినా ఇవ్వడు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో నీకిప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది.

కొత్త సంవత్సరం మొదటి రోజున నువ్వన్న మాట గుర్తుందిగా. "ఫోన్లో ఇద్దరం 'ఆ, బాగున్నాం' అని పెట్టేస్తున్నాం రా. ఈ ఏడాది నెలకో పుస్తకం చదువుదాం, దాని మీద ఉత్తరాలు రాసుకుందాం." నాకు ఎంత సంతోషమేసిందో. ఆ రోజే మొదటి పుస్తకం కొని అట్ట కూడా వేశాను.

కానీ నా పని ఎలాంటిదో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మాత్రల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలకు ప్రూఫులు దిద్దుతానని తెలుసు కదా, వాటిని వెనక నుంచి చదువుతానని తెలియదు. పేజీలో ఆఖరి మాట ముందు చూడాలి, తర్వాత దాని ముందున్న మాట. మొదటి నుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుంది, తప్పు కంటికి ఆనదు. అర్థం పట్టించుకోకుండా చదవడమే మా పని. ఇరవై రెండేళ్లుగా రోజుకు ఎనిమిది గంటలు అదే చేస్తున్నాను. సాయంత్రం పుస్తకం తెరిస్తే కళ్లు వాటంతటవే పేజీ అడుగుకు పోతాయి. పేజీ అయ్యాక అందులో తప్పులెన్నో చెప్పగలను, ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పలేను.

అందుకని అక్కా, నేను ఏ పుస్తకమూ చదవలేదు. కిటికీ దగ్గర బల్ల కోసం పట్టుకెళ్లాను. ముందు పది పేజీలు, వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు, మధ్యలో మాస్టారు చెప్పిన కబుర్లు, వీటితో నీకు ఉత్తరాలు రాశాను. మాస్టారికి రాని కథ లేదు, లేని అభిప్రాయం లేదు. నువ్వు మెచ్చుకుంటూ రాస్తే సిగ్గేసింది, అయినా ఆపలేదు. ఆపితే ఉత్తరాలు ఆగిపోతాయేమోనని భయం.

ఆ మాట నీ చివరి ఉత్తరం రాకపోతే ఇప్పుడు కూడా చెప్పేవాణ్ణి కాదేమో.

ఏడో పుస్తకంలో ఆ ఇల్లు వదిలిన ఆవిడ గురించి నేను రెండు పేజీలు దంచాను. ఆమె భర్త దగ్గరికి తిరిగి వెళ్లడమే న్యాయమని, పట్టుదల కంటే ఇల్లు పెద్దదని. నువ్వేమో, "నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఎప్పుడూ ఎటూ తేల్చని నువ్వే అంత గట్టిగా అన్నావంటే ఆలోచించాల్సిందే. మీ బావగారు మళ్లీ రమ్మంటున్నారు. నెలాఖరుకు సరేనని చెప్దామనుకుంటున్నాను" అని రాశావు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆరేళ్లుగా నువ్వు ఒక్కదానివే నిలబెట్టుకున్న బతుకును నేను చదవని పుస్తకంతో కదిపేశాను.

మంగళవారం నుంచి రోజూ ప్రెస్సు అయ్యాక మాస్టారి దుకాణంలో కూర్చుని ఆ పుస్తకం మొదటి నుంచి చదివాను. కళ్లు కిందికి జారకుండా వాక్యం కింద అట్టముక్క పెట్టుకుని, ఒక్కొక్క వరసే. గ్లాసులో నురగ చచ్చిపోయింది. మాస్టారు వచ్చి చూశాడు.

"ఏంటండీ, ఇవాళ నిజంగానే చదువుతున్నారు?"

అంటే ఇన్నాళ్లూ ఆయనకు తెలుసన్నమాట.

"ఈవిడ తిరిగి వెళ్లిపోతుందని మీరే కదా చెప్పారు. ఎక్కడుంది ఆ ముక్క?" అని అడిగాను.

ఆయన చేతిలో గ్లాసు తుడిచి బోర్లించాడు. "నేనూ సగం దాకే చదివానండి. తర్వాత వెళ్లే ఉంటుందిలే అనుకున్నాను. మా ఆవిడ వాళ్ల చెల్లెలింటికి వెళ్లి మూడేళ్లవుతోంది" అన్నాడు.

నీకు నేను పంపిన న్యాయం అదక్కా. పెళ్లాం వస్తుందని ఎదురుచూస్తున్న మనిషి ఆశ. ఆయన్ని తప్పుపట్టలేను. దాన్ని నా అభిప్రాయంగా రాసి సంతకం పెట్టింది నేను.

నిన్న పుస్తకం పూర్తయింది. ఆఖరి పేజీలో ఆవిడ రైలు దిగి తను వదిలిన ఆ ఇంటి ముందు నిలబడుతుంది. చేతిలో సంచి ఉంటుంది. తలుపు కొట్టిందో లేదో రాయలేదు. అక్కడితో అయిపోయింది. కోపమొచ్చింది, తర్వాత ఇంకో గ్లాసు కూడా తాగాను. ఈ వారం నా నియమం నిలవలేదు.

వెళ్లమనో వద్దనో ఈసారి రాయను. బావగారు చెడ్డవారు కాదు, చెయ్యెత్తే మనిషి కాదు, ఇప్పుడు మారి ఉండొచ్చు కూడా. అది నీకే తెలియాలి. నేను చదవనివి ఇన్ని రాశాను కాబట్టి, కళ్లారా చూసిందొకటి రాస్తాను.

ఆరేళ్ల క్రితం నువ్వు ఒక్క సంచితో మా ఇంటికొచ్చిన రోజు, ఏమీ తినకుండా మధ్యగదిలో పడుకున్నావు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. నీ మరదలు భయపడి నన్ను లేపమంది. భుజం మీద చెయ్యి వేశాను. నువ్వు ఉలిక్కిపడి లేచి, ఇంకా బావగారింట్లోనే ఉన్నట్టు జుట్టు ముడేసుకుంటూ, "ఎవరి భోజనం టైమైంది?" అన్నావు.

ఎవరిదీ కాలేదక్కా, పడుకో అన్నాను.

నువ్వు నా మొహం చూశావు, నిజమేనా అన్నట్టు. మళ్లీ పడుకున్నావు.

ఇట్లు,
ఏడింటిలో ఒక్కటే చదివిన
నీ తమ్ముడు