వంకగట్టు మీద సోమవారం

చిరంజీవి కంబన్నకు మీ అమ్మ ఈరక్క దీవించి రాసేది. ఈడ మేమంతా బాగుండాము. బాగుండామని రాయకుంటే జాబు మొదలు కాదంట, అందుకని రాస్తాండా. బాగుండేదీ లేనిదీ కింద చదువుకో. నువ్వు గుంతకల్లులో వేళకు తింటాండావనుకుంటా.

నీ జాబు అందె. అడిగినవాటికి ముందు బదులు చెప్తా. నా మోకాలి నొప్పి అట్లే ఉండాది, ఆముదం రుద్దుకుంటాండా. మచ్చలావు ఈనింది, కోడెదూడ. మీ నాయన దాన్ని చూసుకొని మురిసిపోతాండాడు, నువ్వు పుట్టినపొద్దు కూడా అంత మురవలేదు. మీ అవ్వ సుంకమ్మకు చూపు తగ్గినాది గానీ నోరు తగ్గలేదు.

ఇంక నీ అసలు మాటకొస్తా. వచ్చే సోమవారం కట్టెల డిపో సావుకారు నిన్నే కూలోళ్ళకు పెద్దను చేసి, మన వంకగట్టు చెట్లు కొట్టేదానికి పంపుతాండాడనీ, పని సక్రమంగా అయితే మేస్త్రీని చేస్తాడనీ రాసినావు. ‘అమ్మా, ఆ కూటాలకు నువ్వు పోవద్దు, నలుగురికీ నచ్చచెప్పు, నా అన్నంలో మన్ను పోయొద్దు’ అంటివి. మీ అవ్వకు చదివి వినిపిస్తే ‘వాని తలకాయ’ అనె. నేను అంతకంటే పెద్ద మాటే అన్నా. అది జాబులో రాయను.

ఆ కూటం గురించి నీకెవరో తప్పుగా చెప్పినారు. దానికి జెండా లేదు, పార్టీ లేదు. పైఊరోళ్ళు వాళ్ళ గట్టు మీది చెట్లు అమ్ముకున్నారు గదా. ముంగారు తొలివానకు గట్టు తెగి, మట్టంతా వంకలోకి దిగి, వాళ్ళ చెలమలన్నీ పూడిపోయె. ఇప్పుడు ఆ ఆడోళ్ళు బిందెలెత్తుకొని మన చెలమ కాడికి వస్తాండారు. ఇసకలో నీళ్ళు ఊరేదాకా కూర్చోని ఏం చేస్తాం? మాట్లాడుకుంటాం. ఊరికే ఏడ్చేదానికన్నా ఏదో ఒకటి చేద్దామంటిమి. సోమవారం ఎద్దులకు కాడి పెట్టం, మొగోళ్ళకూ సేద్యం పని ఉండదు. ఆపొద్దు వంకకాడ చేరాలని మాట అనుకుంటిమి.

మొదట ఆడోళ్ళమే పోతిమి. మొగోళ్ళు గట్టు మీద నిలబడి నగిరి. మన పక్కింటి బొజ్జన్న, ‘ఏమక్కా, వానదేవునికి సంగటి పెడతాండారా?’ అనె. ‘నీకూ పెడతాం, వచ్చి రాళ్ళు మోయప్పా’ అన్నా. ఇప్పుడు ఆయప్పే అందరికంటే ముందొస్తాండాడు. వాననీళ్ళకు గట్టు కోత పడినచోటల్లా రాళ్ళు పేరుస్తాం. కానుగ విత్తులు పెడతాం. మొలకల్ని మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్ళకంప కడతాం. పని అయినాక సంగటీ ఊరిబిండీ. మాలపేట విశ్వాసమ్మ మొదటి సోమవారం వచ్చినప్పుడు మనోళ్ళు కొందరు మొగాలు మాడ్చుకునిరి. ‘మీ చెలమ వేరే, మా చెలమ వేరే అంటిరి గదా, ఇసక కింద నీళ్ళకు చెప్పినారా ఆ మాట?’ అని ఆయమ్మ అడిగె. ఇప్పుడు ఆయమ్మ చేత్తో పెట్టిన మొలకలే శానా ఏపుగా ఉండాయి.

నన్ను గుంతకల్లుకు వచ్చేయమంటివి, కొళాయి తిప్పితే నీళ్ళంటివి. ఊరంతా వస్తే సరిపోతాదా ఆ కొళాయి? కర్నూల్లో రాజధాని పెట్టి రెండేండ్లాయె, మన చెలమలో చెంబెడు నీళ్ళు ఎక్కువ ఊరలేదు. మన కోసరం ఎవరో వచ్చి చేస్తారనేది కల్ల నాయనా.

పోయిన సోమవారం జరిగింది సావుకారు నీకు చెప్పేవుంటాడు. ఆయప్పే లారీ ఎక్కి వచ్చె. ఈ చెట్లు నాకిస్తానని మీ ఊరి పెద్దరెడ్డి మాట ఇచ్చినాడు, అడ్డం లేయండి అనె. మేము లేయలేదు. కూలోళ్ళు తోస్తే బొజ్జన్న రాళ్ళ మీద పడె. మొదటి దెబ్బ పెద్ద కానుగకు తగిలె. అప్పుడు మీ అమ్మ ఈరక్క ఒంటిమీదికి సుంకులమ్మ దేవర వచ్చింది. జుట్టు విరబోసుకొని, ఊగి, ‘నా చెట్టు ముడితే మీ ఇండ్లల్లో దీపాలార్పుతా’ అని కేకేసింది. కూలోళ్ళు గొడ్డళ్ళు పారేసి సాగిలపడిరి. సావుకారు కూడా చెప్పులిడిచె. మీ నాయన బిందెడు పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసె. లారీ వచ్చినది వచ్చినట్లే పోయె.

ఇది రాయాల్నా వద్దా అని ఇంతసేపు తటపటాయించినా. రాస్తా. నా మీదికి ఏ దేవరా రాలేదు కంబన్నా. నేనే ఊగినా. మా నాయన బయలాటలు ఆడించేటప్పుడు పక్కన కూర్చోని చూసినదాన్ని, ఎట్ల ఊగాలో ఎట్ల కేకేయాలో నాకు తెలీదా? ఆపొద్దు నాకు వచ్చింది కోపం, అంతే. మీ నాయనకు కూడా చెప్పలేదు. మీ అవ్వ మాత్రం ‘బాగా ఊగినావులే, ఆ మోకాలికి ఇంకొంచెం ఆముదం పట్టించు’ అనె. తప్పేమో. సుంకులమ్మకు కోపమొస్తే నాతోనే తేల్చుకోనీ. చెట్లయితే నిలబడినాయి, మళ్ళీ ఊగాల్సొస్తే ఊగుతా అనుకున్నా.

కానీ ఇప్పుడు నిన్ను పంపుతాండాడు. కన్నకొడుకు మీదికి తల్లి ఎట్ల ఊగుతాదిలే అని వాని ధైర్యం. ఈ జాబు వానికి చూపిస్తే నా పని తీరిపోతాది, ఊరు నా మొగాన ఉమ్ముతాది. చూపించుకో, నీ ఇష్టం. దేవరకు జడిసి నువ్వు వెనక్కిపోయేది మాత్రం నాకొద్దు. అట్ల పోయినోడివి రేపు దేవర లేని ఊరు చూసుకొని ఆడ కొడతావు. నేను నీ అన్నంలో మన్ను పోస్తాండానంటివి. నువ్వు తాగి పెరిగిన చెలమలో మన్ను పోసేదానికి వస్తాండేది ఎవరు? మేస్త్రీ పని పోతే పోనీ, ఇంటికి రా, జొన్నసంగటి తిని బతుకుదాం.

నువ్వు రావనుకోను. సోమవారం వస్తావు. ఈసారి నేను ఊగను, కేకలేయను. జుట్టు ముడేసుకొని, దెబ్బ తగిలిన ఆ కానుగకు వీపానించి కూర్చోనుంటా. నన్ను లాగేయమని కూలోళ్ళకు చెప్పొద్దు. లాగాలంటే నువ్వే వచ్చి నా చెయ్యి పట్టి లాగు.

ఇట్లు,
నిన్ను కన్న మీ అమ్మ,
ఈరక్క