నీళ్లలో అడిగిన పేరు

మేడిపల్లి, బుధవారం

నా శాంతకు,

ఫోనులో నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. నువ్వు కోరుట్లలో నీ చెల్లె నీల ఇంటికి పోయినకాడి నుంచి ఇల్లు బోసిపోయింది.

కోపం కాదు శాంతా, ఈర్ష్య. చెప్పుకోవడానికి సిగ్గే. పెళ్లయిన నాటి నుంచి నా పేరు ఒక్కసారి పలకలేదు నువ్వు. మొదట్లో "ఇగో" అన్నావు, బిడ్డ పుట్టాక "రజని బాపూ" అన్నావు. మన ఆడవాళ్ల పద్ధతే అంత. కానీ నీల పోయే మందిరంలోని కొత్త పాస్టరు పేరు మాత్రం పూటకు పదిసార్లు. కూర దించుతూ "దావీదు అయ్యగారు గిట్ల చెప్పిండు", చీర మడతపెడుతూ "దావీదు అయ్యగారు గట్లన్నడు". ఆయన పాడితే కండ్లు తుడుచుకుంటావు. మన పెంకుల చర్చిలో ఇన్నేళ్లుగా తాళాలు కొడుతున్నాను, ఒకనాడు తిరిగి చూశావా?

సద్దుల బతుకమ్మ నాడు మా అక్క కొమురమ్మ ఎప్పటిలాగే రొట్టెలు, బెల్లం నలిపి చేసిన మలీద తెచ్చింది. మనం క్రిస్మస్‌కు గారెలు పంపుతాం. ఆమె కొలిచే దేవత వేరు, అంతే. ఈసారి గడపలోనే ఆపావు. "వద్దు వదినా, గది విగ్రహాల తిండి. ముట్టొద్దని అయ్యగారు చెప్పిండు" అన్నావు. అక్క ముఖం చూడలేక గడప మీదే కూర్చుని తిన్నాను. యేసు ఎవరింట్లో పెట్టినా తిన్నాడని మనం చదువుకోలేదా?

ఇప్పుడు ఆదివారం చెరువులో మళ్లీ బాప్తిస్మం అంటున్నావు. చిన్ననాడు మన చర్చిలో నీ నెత్తిన చల్లిన నీళ్లు చెల్లవట. మరి అదే చర్చిలో అయిన మన పెళ్లి చెల్లుతుందా? ఆయన్ను అడిగి చెప్పు.

నేను గట్టుకు రాను.

నీ ఇంటాయన,
జలపతి

కోరుట్ల, సోమవారం

రజని బాపుకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ పిలగానికి మన రజని వయసు. ఆయనతో నీకు పోటీ ఏంది?

అయినా చెరువుకు పోయాను. తెల్లచీర కట్టుకుని మోకాలి లోతున నిలబడ్డాను. ముంచే ముందు ఇంట్లో విశ్వాసం లేనివాళ్ల పేర్లు గట్టిగా చెప్పి, వాళ్లతో తెంచుకున్నానని అనాలట. నీల తన అత్త పేరు చెప్పింది. నా వంతు వచ్చింది.

"విగ్రహాల తిండి తిన్నడు కద మీ ఆయన. పేరు చెప్పమ్మా" అన్నాడు అయ్యగారు.

"మొగని పేరు పలుకం అయ్యగారూ."

"గది సైతాను పెట్టిన సిగ్గు."

"సైతానుది కాదయ్యా, నాది. గిన్నేండ్లు దాసుకున్న పేరు, నరకానికి పోయేటోళ్ల వరుసల చెప్పుతనా?" అని ఒడ్డుకు వచ్చేశాను.

ఆయన పాట మీద ఇష్టం పోలేదు, కుళ్లుకుంటే కుళ్లుకో. పెళ్లి సంగతి అడగలేదు. అది ఆయన చెప్పేది కాదు. రేపో మాపో వస్తాను. వదినకు ముఖం ఎట్లా చూపించాలో తెలియడం లేదు. మలీద ఏమన్నా మిగిలిందేమో అడిగి ఉంచు, ఆమె ముందే తింటాను.

కవరు మీద చిరునామా రాయమంటే నీల నవ్వి పెన్ను నా చేతికే ఇచ్చింది. నోటితో అనని నీ పేరు చేత్తో రాశాను. కవరు చింపకుండా తెరువు.

నీ శాంత