ఎర్రచీటీ మీది పేరు

అమ్మకు,

ముహోంజా దండాలు. ఇక్కడ నేను, చిన్నాన్న, నువ్వు వదిలివెళ్లిన కోళ్లు, అందరం బాగున్నాం. ఉసెంగేలో ఆ సరస్సు ఒడ్డున నువ్వూ బాగున్నావనీ, వేళకింత తింటున్నావనీ అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కప్పు బాగుచేయించాను, ఇప్పుడు కారడం లేదు. జ్వరం తగ్గింది. నా పెళ్లి సంగతి మాత్రం అడక్కు.

ఇక, “నువ్వు పేరు పెడుతున్న చీమలు అప్పట్లో మనల్ని ఇంట్లోంచి తరిమిన సియాఫులేనా?” అన్నావు. కాదమ్మా. అవి దండు కట్టి నేలమీద నడిచేవి. ఆ రోజు చూరులోంచి దిగుతుంటే, “బయటికి రండర్రా! ఇల్లంతా ఊడ్చిపెట్టి వాటంతటవే పోతాయి” అని అరిచావు. నేను పుస్తకాలు పట్టుకుని ఉరికాను. షివాచేమో పొదుగుతున్న పెట్టను చంకనేసుకొచ్చాడు. దాని ఈకల్లోని చీమలన్నీ వాడి పొట్ట పట్టుకున్నాయి. నువ్వు ఒక్కొక్కటే పీకుతూ, “తమ్ముణ్ణి చూసి నేర్చుకోవే! పుస్తకం గుడ్లు పెడుతుందా?” అన్నావు. వాడు ఏడుస్తూనే నవ్వాడు.

ఇవి వాటికి దాయాదులు. ఇవీ దండుగానే వేటాడతాయి, కానీ అంతా మట్టి కింద. నువ్వు చేపలు వేయించిన నూనె పారబోసేదానివి చూడు, వంటింటి వెనక? అక్కడ గుంట తీసి పామాయిల్ పోసి కప్పెట్టాను. మర్నాడు తవ్వితే పసుపుపచ్చగా కుప్పలుగా ఉన్నాయి. ఒక్కదానికీ కళ్లు లేవు. వాటిని నైరోబీ తీసుకెళ్లి, మ్యూజియంలో ఉన్నవాటన్నిటి పక్కన పెట్టి చూశాను. తల వెడల్పు, దవడ పళ్లు, నడుము మీది ముడి, అన్నీ కొలిచాను. దేనితోనూ కలవలేదు. ఇన్నాళ్లూ మన పెరటి కిందే కాపురం చేస్తున్నా ఎవరికీ తెలియలేదు.

“చీమకు పేరెందుకే, పిలిస్తే పలుకుతుందా?” అని ఎగతాళి చేశావు. పలకదు. కానీ పేరు లేనిది లోకం లెక్కలోకి రాదు. మా పనిలో దానికో పద్ధతి ఉంది. ఆ జాతిలోంచి ఒక్క చీమను ఎంచి సూదికి ఎక్కిస్తాం. దాని కింద ఎర్రచీటీ గుచ్చుతాం. ఎవరికి ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ కళేబరాన్నే వచ్చి చూసుకోవాలి. అది చేతిలో లేకుండా పేరు పెట్టం.

వ్యాసమంతా రాసేశాను, పేరొక్కటే మిగిలింది. ఆదివారం చిన్నాన్న టీకి వచ్చాడు.

“ఏమే చీమల డాక్టరూ, నామకరణం ఎప్పుడు?”

“పేరు కుదరలేదు చిన్నాన్నా.”

“కుదరకపోవడమేంటి? మనవాడిది పెట్టు. షివాచి.”

“బతికున్నవాళ్ల పేరు ఇంకొకరికి ఎలా పెడతాం? మనలో పోయినవాళ్ల పేరేగా పెట్టేది?”

చిన్నాన్న టీ కప్పు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: “వాడెక్కిన పడవ సరస్సులో బోల్తాపడి ఎన్ని వానలు వెళ్లిపోయాయే! శవం దొరకలేదని మీ అమ్మ ఆ ఒడ్డు వదలదు. నువ్వు పేరు పెట్టెయ్. శవం బదులు నేను పెరట్లో అరటిబోదె పాతుతా, పెద్దలు చేసినట్టే. వదిన గుండెలు బాదుకుంటుంది. బాదుకోనీ. ఏడ్చాకైనా ఇంటికొస్తుంది.”

అమ్మా, ఇంతసేపూ చీమల చుట్టూ తిప్పింది ఈ మాట చెప్పలేకే. వాడు వస్తాడని నాకు నమ్మకం లేదు. నీ ప్రతి ఉత్తరానికీ “వస్తాడులే” అని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. ఇంకోటి కూడా. చిన్నాన్న వెళ్లాక ఎర్రచీటీ మీద వాడి పేరు రాశాను.

వాడి మీద ప్రేమతో కాదు. నువ్వు కావాలి నాకు. సాయంత్రం ఒక్కదాన్నే పొయ్యి మీద ఉగాలి పిండి తిప్పుతుంటే ముద్ద ఇప్పటికీ ముగ్గురికి సరిపడా వస్తుంది. చీమ చిటుక్కుమన్నా లేచే నువ్వు పక్క గదిలో లేక ఇల్లు ఇల్లులా లేదు. అందుకు వాణ్ణి చంపెయ్యడానికైనా సిద్ధపడ్డాను.

సిరా ఆరాక చీటీని సూదికి గుచ్చబోయాను. సూది మీదున్నది చీమ, మన షివాచి కాదు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని జీవికి కళేబరం లేనిదే పేరు పెట్టనిదాన్ని, నీ కొడుకు పోయాడని ఏం చూసి రాస్తాను? చీటీ పొయ్యిలో వేశాను. చీమకు మన ఇసియుఖు ఏటి పేరు పెట్టి వ్యాసం పంపేశాను. ఆ నీళ్లు ఎన్ని మలుపులు తిరిగినా చివరికి నీ సరస్సులోకే వస్తాయి.

ఒడ్డుకొచ్చిన ప్రతి పడవనూ ఆపి అడుగుతున్నావట. ఆశ వదులుకోమని అనను, అది నీది. కానీ ఒక్కటి ఆలోచించు. వాడు ఏ తీరానైనా బతికి బయటపడితే ఉసెంగే ఎందుకు వెళ్తాడు? ఇంటికే వస్తాడు.

పొద్దుగూకితే నువ్వు పెరటి గుమ్మంలో నిలబడి, ఏట్లో ఈదుతున్నవాడికి వినపడేలా “షివాచీ!” అని కేకవేసేదానివి. నిన్న నేనూ నిలబడి పిలిచి చూశాను. నా గొంతు జొన్నచేను కూడా దాటలేదు. వాడి పేరు ఎవరికీ ఇవ్వలేదమ్మా, ఇంట్లోనే ఉంది. వచ్చి నువ్వే పిలువు.

ఇట్లు,
ముద్ద తగ్గించడం చేతకాని నీ కూతురు
ముహోంజా