మెడికల్‌కి వెళ్ళే ముందు

మామిడికుదురు,
18 జూన్ 2025.

మరిదిగారు కిషోర్‌కి వదిన సత్యవేణి ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ గానీ, ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఉన్నవాళ్ళం ఉన్నాం. మీరు అక్కడ వేళకి తింటున్నారని తలుస్తాను.

మన ఏసుపాదం గారు ఎల్లుండి మస్కట్ వస్తున్నారు. మాగాయ, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. ఫోను మోగితే అత్తయ్యగారు స్పీకరు పెట్టమంటారు. మీ గొంతు వినగానే ఆవిడ ఏడుపు, ఆవిణ్ణి చూసి నేను. ఇక ఏ మాటా పూర్తికాదు. మీ అన్నయ్య పోయి నెల దాటినా జరిగింది జరిగినట్టు మీకెవరూ చెప్పలేదు. సెలవు దొరక్క రాలేకపోయానని మీరు కుమిలిపోవద్దు.

మీరు పంపిన వీసాకి ఆయన మెడికల్ పరీక్షకి వెళ్ళారు కదా. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయి, కిడ్నీల డాక్టరుకి చూపించుకుని మళ్ళీ రమ్మని పంపేశారు. ఆయన సంగతి మీకు తెలియనిదా, ఒళ్ళు కాలిపోతున్నా థర్మామీటరుదే తప్పంటారు. అన్నేళ్ళు అక్కడి ఎండలో సెంట్రింగ్ పని చేసి, నడుంనొప్పికి దొరికిన బిళ్ళల్లా మింగి, నాకేం రోగమే అన్నారు. డాక్టరు దగ్గరికి మెడికల్ పాసయ్యాక వెళ్దామన్నారు. పాసవడానికే కదండీ వెళ్ళమంటున్నది అంటే నవ్వేశారు. ఆ నవ్వుకి లొంగిపోయాను.

వీధి వీధంతా ఒకటే వైద్యం చెప్పింది. పరగడుపునే కొబ్బరిబొండాలు తాగితే ఒళ్ళంతా కడిగినట్టవుతుందని, మెడికల్ ఇట్టే పాసవుతారని. మన వైపు గల్ఫ్ వెళ్ళేవాళ్ళు చేసే పనే కదా. అత్తయ్యగారు మన చెట్ల బొండాలు జగ్గయ్య చేత రోజూ దింపించారు. తెల్లారగానే చెంబు పట్టుకొచ్చి, ఇంకో గుక్క తాగరా నాయనా, నువ్వు పాసవుతే చాలు, అంటూ దగ్గర నిలబడేవారు. ఆయన, ఆయ్, తాగుతున్నానమ్మా, అని ఇటు తిరిగి నాకు కన్నుగీటేవారు.

కొన్నాళ్ళకి కాళ్ళలో సత్తువ లేదన్నారు. తిండి తగ్గించి బొండాల మీదే ఉంటే ఉండదులెమ్మనుకున్నాం. మళ్ళీ మెడికల్‌కి బయల్దేరాల్సిన పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ అరుగు మీద కూలబడిపోయారు. కాకినాడ తీసుకెళ్ళాం. కాసేపు ఏదో చేశారు గానీ గుండె ఆగిపోయిందన్నారు. ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను కిషోర్ బాబూ. ఇంకా ఉతకలేదు, ఉతకను కూడా.

శ్రావణంలో మీరు వచ్చి కొత్త కంపెనీ వీసాకి ఇక్కడే మెడికల్ చేయించుకుంటారు కదా. మీదీ అదే ఎండ, అదే పని. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండండి. నొప్పుల బిళ్ళలు మీ అంతట మీరు కొనుక్కుని మింగకండి. ఇంటికి రాగానే, మెడికల్ కంటే ముందే, అమలాపురంలో బీపీ, షుగరు, కిడ్నీలు అన్నీ చూపిద్దాం. మీ అన్నయ్యలా నవ్వి తప్పించుకుంటానంటే ఈసారి వదిన ఊరుకోదు.

అత్తయ్యగారు ఇంకో మాట రాయమంటున్నారు. పెద్దోడికి ఆలస్యంగా మొదలెట్టేను, ఆ నీళ్ళు పనిచేసేలోపు గుండె మోసం చేసేసింది, చిన్నోడు దిగిన రోజు నుంచే దగ్గరుండి తాగిస్తాను, అంటున్నారు. మీకోసం గట్టు మీది చెట్టు గెలలు ముట్టుకోవద్దని జగ్గయ్యకి గట్టిగా చెప్పారు కూడా.

ఇట్లు,
మీ రాక కోసం చూసే వదిన,
సత్యవేణి.

తా.క.: పై ఉత్తరమంతా అత్తయ్యగారు చదివించుకుని, కళ్ళు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళారు. ఇది ఆవిడ వినకూడదు.

మీ అన్నయ్యకి గుండెజబ్బు లేదు. కాకినాడ డాక్టరు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచి చెప్పారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుందట. మంచి కిడ్నీలైతే బయటికి పంపేస్తాయి, ఆయనవి పంపలేకపోయాయి. అది రక్తంలో పేరుకుని గుండెని ఆపేసింది. రోజూ ఎన్ని తాగేవారమ్మా అని అడిగారు. నేను తలుపు వైపు చూశాను. తలుపు బయట బల్ల మీద అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు.

గుండెపోటని బయటికొచ్చి చెప్పింది నేనే. ఎవరడిగినా అదే చెబుతాను. తను తాగించిన నీళ్ళతోనే పోయాడని తెలిస్తే ఆవిడ బతకరు. కానీ మీ దగ్గర దాస్తే రేపు మిమ్మల్ని పోగొట్టుకుంటామేమోనని భయంగా ఉంది.

మీ కిడ్నీలు బాగున్నాయని డాక్టరు చెప్పేదాకా కొబ్బరినీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు. వద్దమ్మా అన్నారో, ఆవిడ ఎందుకురా అంటారు. అప్పుడు మీరు మొహం దాచుకోలేరు. అందుకని ఆయ్ అని చెంబు అందుకోండి. నేను పక్కనే ఉంటాను. ఆవిడ అటు తిరగగానే నాకిచ్చేయండి, నేను తాగేస్తాను.