విరుదునగర్ మీటింగు సంగతి

కోవిల్‌పట్టి,
ఆదివారం.

అన్నా,

ఫోన్లో అయితే మధ్యలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

రెండు మరమగ్గాలు అమ్మి ఆ క్రిప్టో కాయిన్లో పెడతానన్నావు కదా. ముందు కనుక్కొని రమ్మని నువ్వు పంపితేనే, నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పూంగొడి వదినెతో విరుదునగర్‌లో వాళ్ళు పెట్టిన మీటింగుకి వెళ్ళాను. కోటు వేసుకున్న ఒకాయన మనవాళ్ళమేనంటూ తెలుగులో పలకరించి, చేతిలో పాల్‌కోవా పెట్టాడు. మూడు నెలల్లో రెట్టింపు, నష్టమన్నదే లేదు, ఈరోజే చేరాలి అన్నాడు. ఆఫీసు ఎక్కడని అడిగితే అంతా ఫోన్లోనే అన్నాడు.

అప్పుడు వదినె లేచింది.

"సార్, మా ఆయన పోయిన నెల అయిదు వేలు ఏసినాడు. దాన్ని ఇప్పుడే బయటికి ఎత్తి చూపీండి."

"ఎత్తాలంటే ముందు రెండు వేలు పన్ను కట్టాలమ్మా."

"మా దుడ్డు మాకిచ్చేదానికి మేమే దుడ్డు కట్టాలా?"

హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు, మైకు ఆపేశాడు. మేం పాల్‌కోవా తినేసి బస్సెక్కాం.

ఆ అయిదు వేల కోసం సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇద్దాం. నువ్వు నీ కూతురు సెల్వలక్ష్మి చదువు కోసమే ఆశపడ్డావని నాకు తెలుసు.

అసలు సంగతి ఇది. బస్సులోనే వదినె మగ్గాలు కొనే ఆయనకు ఫోన్ చేసి, రావద్దని చెప్పేసింది. నీతో చెప్పలేక నన్ను రాయమంది. కోపముంటే నామీద చూపించు. తను మా ఇంట్లోనే ఉంది. మగ్గాల చప్పుడు లేక నిద్రే పట్టడం లేదట. వచ్చి తీసుకెళ్ళు.

నీ చెల్లెలు