వాదీ ఒడ్డున పెళ్లి డేరా

అల్ ఖువైర్, మస్కట్

జైనబీ ఖాలాకు, మీ చెల్లెలి కొడుకు షఫీ భార్య నసీమా సలాం.

ఫోన్‌లో చెప్తే మీ షామియానా షాపు మైకుల రొదలో సగమే వినపడుతోంది మీకు. అందుకే ఉత్తరం రాసి, ఫోటో తీసి, మీ కూతురు అస్రా ఫోన్‌కు పంపుతున్నా.

పోయిన వారం మేం ఇల్లు వదిలి, ఇబ్రా ఊరు దాటినాక ఒక వాదీ పక్కన మెరక మీద డేరా వేసుకొని ఉన్నాం. వాదీ అంటే మన వంక మాదిరే. ప్రభుత్వ జాగా. బాడుగ లేదు, అడిగేవాళ్లు లేరు. కరెంటు లేదు, కొళాయి లేదు, బాత్రూమ్ సంగతి అడగొద్దండి. షఫీ మూడు రాళ్లు పెట్టి అన్నం వండినాడు. ఇఫ్రా, కమ్రాన్ మట్టిలో ఆడి ఆడి గుర్తుపట్టలేనట్టు అయినారు. ఇంత సంతోషంగా మేం ఎప్పుడూ లేం.

మీ కోడలు,
నసీమా

తా.క.: షఫీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చినాడు కదా, విప్పి కొమ్మకు తగిలించిన టైని మేక తినేసింది. "పోనీలే, ఇంక దాంతో పనేముంది" అన్నాడు.

---

రాయచోటి

బేటీ నసీమా, నీకూ పిల్లలకూ ఖాలా దీవెనలు.

నీ ఉత్తరం చదివి కూలబడితి. ఉద్యోగం పోయిందని రాయకుండా సంతోషంగా ఉండామని రాస్తివే, ఎంత గుండె నీది! ఖమరుద్దీన్ బట్టలంగడిలో షఫీకి పని మాట్లాడినా. మిద్దె మీద గదిలో గుంజలు తీపించి సున్నం కొట్టిస్తా ఉండా. ఈ సంగతి ఎవ్వరికీ చెప్పలే. మా అక్క అక్తరీ బేగంకు, పక్కింటి పెంచలమ్మకు, మసీదు కాడ జావెద్‌కు మాత్రం చెప్పినా. వాళ్లు కూడా ఇట్లే ముగ్గురు ముగ్గురికే చెప్తామన్నారు.

సిగ్గుపడొద్దు, వచ్చేయండి.

నీ ఖాలా,
జైనబీ

తా.క.: ఆ మేక ఎవరిదో విచారించు. టైకి బదులు పూటకింత పాలు అడుగు. పిల్లలున్నోళ్లు గదా, ఇస్తారు.

---

అల్ ఖువైర్

ఖాలాకు నసీమా సలాం. ముందు సున్నం ఆపించండి.

షఫీ ఉద్యోగం భద్రంగా ఉంది. ఈ నెలే మేనేజర్‌ని కూడా చేసినారు. మీరు చెప్పింది ఊరంతా పాకిపోయి, మా అమ్మ ఏడుస్తా ఫోన్ చేసింది. చలికాలం వస్తే ఇక్కడ ఇది సరదా ఖాలా. ఒమానీలైతే గురువారం సాయంత్రమే బండి నిండా తివాచీలు, బొగ్గులు, పిల్లలు, ముసలోళ్లు అందరినీ ఎక్కించుకొని వాదీలకు పోతారు. రెండు రోజులుండి, చెత్త సంచుల్లో కట్టుకొని తిరిగొస్తారు. దీన్ని క్యాంపింగ్ అంటారు.

ఇళ్లూ వాకిళ్లూ ఉన్న
నసీమా

తా.క.: డేరా కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పెద్ద అంగడిలో కొన్నాం. విసిరితే దానంతటదే లేచి నిలబడుతుంది. మడవడమే ఎవరికీ రాదు. అందుకే అది ఇప్పుడు మా హాల్లో నిలబడే ఉంది.

---

రాయచోటి

నసీమాకు దీవెనలు.

ఉద్యోగం ఉందని చదివి అల్లాకు శుక్రియా చెప్పుకొంటి. తా.క. చదివి మళ్లీ కూలబడితి. నా షామియానా గుంజలకు కట్టిన ఉయ్యాల్లో పెరిగిన పిల్లోడు అంగడిలో డేరా కొన్నాడా? ఉద్యోగం పోయిందన్నా నా పరువు ఇంత పోయేది కాదు!

నేనే ఒకటి కుట్టినా. సెలవు అయిపోయి మీ దేశంలోనే షినాస్ ఊరికి వచ్చే మన వీధి ఖాదర్‌వలితో పంపిస్తా ఉండా. పెట్టెలో పట్టకపోతే ఆయన బట్టలన్నీ తీసి బయట పెట్టినాం. అంగీలు ఆ దేశంలో కూడా దొరుకుతాయి, నా కుట్టు దొరకదు.

కోపం తగ్గని
ఖాలా

తా.క.: పెళ్లి సీజన్ గదా, వేరే గుడ్డ లేదు. ఎర్రది, పచ్చ అంచు, చుట్టూ జరీ కుచ్చులు. ఎవరూ లేని చోట్లే కదా వేస్తారు, ఎవరు చూస్తారులే.

---

అల్ ఖువైర్

ఖాలా, మీ డేరా లేచింది!

ఇబ్రాలో బిల్డింగ్ సైట్‌లో పనిచేసే షఫీ దోస్తు అర్ఫాత్ ఇనుప పైపులు తెచ్చిచ్చినాడు. బూడిద రంగు కొండల మధ్య మీ ఎర్ర డేరా మైలు దూరానికి కనపడింది. వాదీ అవతల దిగిన ఒమానీ కుటుంబం హల్వా పళ్లెం, కహ్వా కాఫీ ఫ్లాస్కు పట్టుకొని "మబ్రూక్, మబ్రూక్" అంటూ శుభాకాంక్షలు చెప్పుకుంటా వచ్చేసినారు. షఫీకి వచ్చిందంతా ఆఫీసు కాగితాల అరబీ. వాళ్లు ఏమడిగినా "ఐవా", అంటే అవును, అని తల ఊపినాడు. ఇది పెళ్లేనా అని అడిగినారని హల్వా తిన్నాక తెలిసింది! అప్పటికే ఇంకో రెండు కుటుంబాలు వచ్చి, పొయ్యి వెలిగించి మాంసం ఎక్కించినారు.

నిజం చెప్పినా ఎవరూ లేవలేదు. ఒక పెద్దాయన అంచు పట్టుకొని, కుట్టు మీద వేలు పోనిచ్చి, ఎవరు కుట్టినారని అడిగినాడు. షఫీ "మా ఖాలా" అన్నాడు. మేనేజర్ అయిన రోజు కూడా అంత నిటారుగా నిలబడలేదు ఖాలా.

మీ
నసీమా

తా.క.: నిజం తెలియకముందు ఆడోళ్లు పెళ్లికూతురు ఏదని అడిగితే ఈయన నన్ను చూపించినాడు. ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకొని మళ్లీ సిగ్గుపడాల్సి వచ్చింది.

---

రాయచోటి

నా బంగారు నసీమాకు, షఫీకి ఖాలా దీవెనలు.

నీ ఉత్తరం అస్రాతో షాపు మైకులో చదివించినా. ఉద్యోగం పోయిందని విన్న ఊరు ఇది కూడా వినాల గదా.

విన్నాక నాకూ మనసాయె. ఆదివారం చెరువు అవతల ప్రభుత్వ మెరక మీద డేరా వేయించి, మా అక్కను తోడుకొని పోయి కూర్చుంటి. మధ్యాహ్నానికి పెంచలమ్మ వచ్చి, "ఏమక్కా, ఇక్కడ ఇంటి పట్టాలు ఇస్తా ఉండారంటనే?" అనె. "పట్టాలు కాదు, క్యాంపింగ్" అంటి. నమ్మలే. సాయంత్రానికి మా వీధి వీధంతా ఆడ డేరాలు వేసి, పొయ్యిలు పెట్టేసిరి. వీఆర్వో గంగాప్రసాద్ ఆదరాబాదరా వచ్చె. "ఏందమ్మా ఇది?" అనె. "క్యాంపు సార్" అంటి. ఆయప్ప గొంతు తగ్గించి, "ఏ పార్టీది?" అనె!

పట్టాలూ లేవు, పార్టీ లేదని అందరికీ అర్థమయ్యేసరికి అన్నాలు ఉడికిపోయె. ఉడికినాక ఎవరు లేస్తారు? గంగాప్రసాద్ కూడా పెంచలమ్మ పెట్టిన సంగటి తినే పోయె. చుట్టూ చూస్తే అన్నీ నాకు తెలిసిన కుట్లే. జాగా కోసం ఉరికినోళ్లంతా ముందు మన షాపుకే ఉరికినారంట. అస్రా నాకు ఒక్క మాట చెప్పకుండా షాపులో ఉండే డేరాలన్నీ బాడుగకు ఇచ్చేసె!

ఇన్నేండ్లు పెళ్లిళ్లకు డేరా వేసేదానికి అందరికంటే ముందు పోతి, పీకేదానికి అందరికంటే వెనక పోతి. దాని కింద కూర్చొని అన్నం తిన్నది ఇదే మొదలు. గాలికి కుచ్చులు ఊగుతా ఉంటే తలెత్తి చూసినా నసీమా. ఎంత బాగా కుడతానో నాకే తెలీదు.

నీ షామియానాల
జైనబీ ఖాలా

తా.క.: మళ్లీ ఎప్పుడని వీధిలో అడుగుతా ఉండారు. గంగాప్రసాద్ కూడా అడిగె. ఆయనకు కిటికీ ఉండే డేరా కావాలంట.